ఆయిల్ చదువుకు తలకిందుల చిట్కాలు

పెట్రోలియం ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలు వేసవిలో మా ఇంటికి వస్తుంటారు. వెంట తండ్రో మేనమామో ఉంటారు. కాఫీ గ్లాసు చేతిలోకి రాకముందే అడిగేస్తారు, "ప్యాకేజీ ఎంత ఉంటుందండీ?" అని. ఇరవై ఏళ్ళు రిగ్గుల మీద మడ్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కదా, సూటిగా ఒక అంకె చెబుతానని వాళ్ళ ఆశ. నేను అంకె చెప్పను. చెప్పేవి విని మొన్న ఒక పెద్దాయన, "ఇవన్నీ పిల్లల్ని చెడగొట్టే సలహాలండీ" అని మొహమ్మీదే అన్నారు. ఆయన్ను తప్పుపట్టను. ఊళ్ళో అందరూ చెప్పేదానికి ఇవి తలకిందులుగానే ఉంటాయి. అయినా నా సొంత పిల్లలకు చెప్పాల్సివచ్చినా ఇవే చెబుతాను.

బ్యారల్ ధర చూసి ఈ బ్రాంచి తీసుకోకండి. ధర పెరిగిందని చేరకండి, పడిందని మానుకోకండి. చదువు నాలుగేళ్ళు. ధర నాలుగు నెలలైనా ఒకచోట నిలవదు. 2011లో బ్యారల్ 100 డాలర్ల పైన ఉంది. కేజీ బేసిన్ గ్యాస్ పేరు ఊరూరా మోగుతోంది. అప్పుడు ఎగబడి చేరినవాళ్ళు 2015లో పట్టా పుచ్చుకునేసరికి ధర సగానికి సగం పడిపోయింది. కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇంటికి పంపిస్తున్నాయి. 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి దిగింది. ఇంత పడ్డాక పెరగక ఏమవుతుందిలే అని ఆ ఏడు చేరినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఫైనలియర్‌లో ఉండగా, 2020 ఏప్రిల్ 20న, అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ ధర సున్నా దాటి మైనస్ 37 డాలర్లకు పోయింది. ఇద్దరి లెక్కా తప్పింది.

అందుకని ఆయిల్ కంపెనీలో ఉద్యోగం వస్తుందా అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఆయిల్ కంపెనీ బయట ఈ చదువు దేనికి పనికొస్తుందని అడగండి. చాలా వాటికి పనికొస్తుంది. విశాఖలో కొండరాయి తొలిచి 13.3 లక్షల టన్నుల క్రూడ్ దాచే గుహలు కట్టారు. లడాఖ్‌లోని పుగా లోయలో భూమి వేడి కోసం బావి తవ్వే పని ఓఎన్‌జీసీ తలపెట్టింది. బొగ్గుపులుసు వాయువును రాతిపొరల్లో దాచాలన్నా, వట్టిపోయిన భూగర్భజలం లెక్కలు తేల్చాలన్నా కావలసింది ఒకటే విద్య: రాయిలోంచి ద్రవం ఎలా నడుస్తుంది, ఎంత ఒత్తిడికి నడుస్తుంది. ఆ విద్య మీద మనసు ఉంటే చేరండి. జీతం మీద మాత్రమే ఉంటే వేరే బ్రాంచి చూసుకోండి.

మొదటి ఏడాది పెట్రోలియం పుస్తకాలు కొనకండి. పది రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం ఒకటి కొనుక్కుని రాళ్ళ వెంట పడండి. భూమి లోపల నూనె చెరువులా నిలిచి ఉంటుందని ఫైనలియర్ పిల్లలు కూడా నమ్మడం ఇంటర్వ్యూల్లో కళ్ళారా చూశాను. ఒక ఇసుకరాతి ముక్క మీద నీటి చుక్క వేసి చూస్తే ఆ అపోహ పోతుంది. చుక్క మెల్లగా లోపలికి ఇంకిపోతుంది, పైన తడి మచ్చ మాత్రం మిగులుతుంది. షేల్ ముక్క మీద అదే చుక్క ముత్యంలా చాలాసేపు నిలుస్తుంది. నూనె ఉండేది ఆ ఇసుకరాతి రంధ్రాల్లో. దాన్ని పైకి పోనివ్వకుండా మూతలా పట్టి ఉంచేది షేల్ లాంటి రాయి. ఫ్రాన్సులో డిజాన్ పట్టణానికి నీళ్ళు తెచ్చిన హెన్రీ డార్సీ ఇసుక గొట్టాల్లోంచి నీటిని పంపి, 1856లో అచ్చువేయించిన సూత్రం మీదే రిజర్వాయర్ ఇంజనీరింగ్ మొత్తం నిలబడింది. ఆయన వెతికింది ఊరికి మంచినీళ్ళు, నూనె కాదు.

గోదావరి పిల్లలకైతే ఈ పాఠం ఇంటి గుమ్మంలోనే ఉంది. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర, అవతలి ఒడ్డున పంగిడి దగ్గర క్వారీల్లో కనిపించే నల్లరాయి దక్కన్ లావా. అదే రాయి కోనసీమ కింద లోతుకు దిగిపోయి ఉంది. బావుల్లో తగిలే ఆ పొరకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. కాలేజీ బస్సులో నాలుగేళ్ళు ఆ క్వారీల మీదుగా వెళ్ళొచ్చి, ఒక్కరోజు కూడా దిగి చూడని పిల్లలున్నారు. దిగండి. క్లాసు పోతే పోనివ్వండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. ల్యాబ్ రికార్డు పాడుచేసుకోండి.

నేను చదివిన కాలేజీ పేరు చెప్పను. బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద ద్రవమే మడ్. దాని బరువు తూచే మడ్ బ్యాలన్స్ మా ల్యాబ్‌లో ఒకటే ఉండేది, అదీ బీరువాలో. సీనియర్ల రికార్డు చూసి అందరం ఒకే రీడింగు ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకున్నాం. మార్కులు నిండుగా పడ్డాయి. ఉద్యోగంలో చేరిన రెండో వారం, రాత్రి షిఫ్టులో, మడ్ బరువు చూడమని నన్నే పంపారు. చూసి చెప్పాను. పొద్దున్నే మా పెద్ద మడ్ ఇంజనీరు అదే పరికరంలో మంచినీళ్ళు పోసి నా ముందు పెట్టారు. గాలన్‌కు 8.33 పౌండ్లు చూపించాలి. 8.6 దాకా చూపించింది. కప్పు బయట ఎండి అట్టకట్టిన బురద అలాగే ఉంది. అంటే రాత్రంతా నేను రాసిన ప్రతి అంకె దగ్గర దగ్గర 0.3 ఎక్కువ. వినడానికి చిన్నదే. 9,000 అడుగుల లోతుకు లెక్క కట్టండి: గాలన్ బరువును ఒత్తిడిగా మార్చే 0.052ను 0.3తో, 9,000తో హెచ్చవేస్తే 140 పీఎస్‌ఐ. బావి అడుగున ఉందని నేను కాగితం మీద రాసి, నిజంగా లేని ఒత్తిడి అది. కింది గ్యాసును ఆపి ఉంచేది ఆ ఒత్తిడే. ఆ రోజు ఏమీ జరగలేదు. జరగకపోవడంలో నా ప్రమేయం లేదు.

అందుకే పరికరం చేత్తో పట్టుకోండి. కప్పు నిండా మడ్ పోసి మూత తిప్పుతూ నొక్కితే, మూత మధ్యలోని చిల్లులోంచి కాస్త మడ్ పైకి రావాలి. రాలేదంటే లోపల గాలి మిగిలిందని అర్థం, మళ్ళీ పోయండి. చిల్లును బొటనవేలితో మూసి బయటంతా కడిగి, తుడిచి, కోలను కత్తంచు మీద నిలిపి, బుడగ గీతల మధ్యకు వచ్చేదాకా రైడర్ జరపండి. వచ్చిన అంకె వచ్చినట్టు రాయండి. పక్కవాడిది 9.2 వచ్చి మీది 8.9 వస్తే 8.9 అనే రాసి, ఎందుకు తేడా వచ్చిందో కింద నాలుగు ముక్కలు రాయండి. కొట్టివేతలుంటే ఉండనివ్వండి. సార్ రెండు మార్కులు కోస్తే కోయనివ్వండి.

ఇంకో సంగతి. మడ్‌కు బరువు పెంచడానికి కలిపే తెల్లపొడి బెరైట్. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి మన కడప సీమలోని మంగంపేటలో ఉంది. ఎడారిలో ఏ గల్ఫ్ రిగ్గు మీదో సంచి విప్పినప్పుడు అది మన ఊరి రాయి కావచ్చు. ఈ ముక్క నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

మూడో ఏడాది అయ్యేదాకా సాఫ్ట్‌వేర్ ముట్టుకోకండి. ఈ మాటకు లెక్చరర్లే నా మీద కోప్పడతారు, రెజ్యుమెలో ఏం రాసుకోవాలని పిల్లలూ గొడవ చేస్తారు. కానీ తెర మీద రంగుల బొమ్మ వచ్చాక అది తప్పని అనుమానించేవాళ్ళు చాలా తక్కువ. చేత్తో చేసినప్పుడు అనుమానం దానంతట అదే వస్తుంది. ఇంటర్‌లో చదివిన బాయిల్ సూత్రమే తీసుకోండి. గాలన్‌కు 10 పౌండ్ల మడ్, 10,000 అడుగులు, అడుగున 5,200 పీఎస్‌ఐ. అక్కడ ఒక్క బ్యారల్ గ్యాస్ బావిలోకి జొరబడింది. అది పైకి వచ్చి గాలి ఒత్తిడికి, అంటే 14.7కు చేరితే ఎన్ని బ్యారళ్ళవుతుంది? వేడి తేడాలు వదిలేస్తే దాదాపు 350. ఈ లెక్క ఒక్కసారి సొంతంగా చేసినవాడు, పంపు ఆపాక కూడా బావిలోంచి మడ్ సన్నగా వస్తూనే ఉంటే ఇక ఎవరినీ అడగడు. బావి మూయించి, ఆ తర్వాతే ఫోన్ తీస్తాడు.

పెద్ద పెద్ద మోడళ్ళ మీద కూడా ఇంత అనుమానం ఉండాలి. మన తీరంలో కేజీ-డీ6 గ్యాస్ 2009 ఏప్రిల్‌లో మొదలై, మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. ఇంకా పెరుగుతుందన్నారు. మూడు నాలుగేళ్ళలో అందులో నాలుగో వంతుకు పడిపోయింది. దానిమీద పనిచేసినవాళ్ళేమీ తెలివితక్కువవాళ్ళు కాదు. సముద్రం అడుగున రాయి మన అంచనాకు కట్టుబడి ఉండదు, అంతే.

విజయగాథలు తర్వాత చదవచ్చు, ముందు ప్రమాదాల నివేదికలు చదవండి. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు చావుల కథలా అని ఇళ్ళల్లో అభ్యంతరపెడతారు. నేను ఆరో తరగతిలో ఉండగా, 1995 జనవరి 8న, పాశర్లపూడిలో బావి పేలింది. 65 రోజులు మండింది. రాత్రిపూట మా డాబా మీదికి ఎక్కితే ఆ దిక్కున ఆకాశం ఎర్రగా ఉండేది. తల్లిదండ్రులు దాచినా దాగని పాఠం అది. 2005 జూలై 27న ముంబై హైలో, గాయపడిన ఒక మనిషిని వైద్యం కోసం ప్లాట్‌ఫామ్ మీదికి చేర్చడానికి వచ్చిన ఓడే గ్యాస్ రైజర్ గొట్టాన్ని తాకింది. 22 మంది పోయారు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద 167 మంది పోయారు. మరమ్మతు కోసం ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ చోట తాత్కాలికంగా ఒక బిళ్ళ బిగించి వెళ్ళారు. ఆ సంగతి రాసిన కాగితం రాత్రి షిఫ్టు వాళ్ళకు అందలేదు. రెండో పంపు ఆగిపోగానే వాళ్ళు ఈ పంపు నడిపారు. డ్యూటీ మారేటప్పుడు ఒక మనిషి ఇంకో మనిషికి చెప్పాల్సిన రెండు వాక్యాలు, అంతకుమించి ఏమీ లేదు. ఆ రెండు వాక్యాలు చెప్పడం ఏ సెమిస్టర్ పరీక్షలోనూ రాదు. హాస్టల్లో అలవాటు చేసుకోండి. గదిలోంచి వెళ్ళేటప్పుడు ఏది ఆన్‌లో ఉందో, ఏది పాడైందో రూమ్మేట్‌కు నోటితో చెప్పి, కాగితం మీద రాసి వెళ్ళండి.

ఇంటర్న్‌షిప్‌కు ఏసీ ఆఫీసు ఇస్తామంటే వద్దనండి. షేల్ షేకర్ దగ్గర నిలబడతామని అడగండి. చప్పుడు, వాసన, ఒంటినిండా బురద. కానీ రెండు మైళ్ళ కిందినుంచి రాయి ముక్కలుగా పైకొచ్చి మీ కళ్ళముందు జల్లెడ మీద దొర్లేది అక్కడే. ముక్కల ఆకారం మారితే కింద ఏదో మారినట్టు. రిగ్గు పైన పైపులు సర్దే డెరిక్‌మ్యాన్‌ను "అన్నా" అని పిలిచి పక్కన కూర్చోండి. నేను టెక్స్ట్‌బుక్‌లో మూడు పేజీలు చదివి అర్థం చేసుకోలేని సంగతి, పదో తరగతి చదివిన ఒక అన్న పంపు చప్పుడు విని చెప్పేవాడు. రిగ్గు గేటు బయట కొబ్బరితోట రైతుతో కూడా మాట్లాడండి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు కాలిపోయారు. ఆ ఊళ్ళ వాళ్ళు గ్యాస్ అంటే ఏమనుకుంటారో తెలియకుండా ఈ పని చేయడం తప్పు.

ఆడపిల్లలకు ఈ చదువెందుకు అనేవాళ్ళ మాట వినకండి. చట్టం లెక్కలో ఆయిల్ బావులు గనులే. గనుల చట్టం రాత్రిపూట ఆడవాళ్ళ పనికి అడ్డుగా ఉండేది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించి, వాళ్ళ సమ్మతితో నేల మీది గనుల్లో రాత్రి షిఫ్టుకు వీలు కల్పించింది. నాతో పనిచేసిన మడ్ లాగర్లలో గ్యాస్ రీడింగు అందరికన్నా ముందు పట్టుకున్నది ఒక అమ్మాయి.

ఇక తల్లిదండ్రులకు ఒక మనవి. ఫీజు కట్టేముందు కాలేజీకి వెళ్ళండి. ప్లేస్‌మెంట్ల ఫ్లెక్సీ ముందు ఆగకుండా నేరుగా డ్రిల్లింగ్ ఫ్లూయిడ్స్ ల్యాబ్ ఎక్కడుందో అడగండి. తాళం తీయించండి. మడ్ బ్యాలన్స్ బయటికి తీసి, అందులో మంచినీళ్ళు పోసి మీ ముందే తూచి చూపమనండి. రెండు నిమిషాల పని. 8.33 వస్తే మంచిది. రాకపోయినా, ఎందుకు రాలేదో చెప్పి సరిచేయగలిగిన మాస్టారుంటే ఇంకా మంచిది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియకపోతే ఆ కాలేజీలో పిల్లల్ని చేర్చకండి.