పెద్దావిడకా? అయితే లైట్ కలర్సే!

చీరల కొట్లో 60 దాటినావిడ మెట్టెక్కితే చాలు, సేల్స్ కుర్రాడి చూపు ముందు ఆమె జుట్టు మీద పడుతుంది. "పెద్దావిడకా? లైట్ కలర్స్ తియ్యరా!" అని లోపలికి కేకేస్తాడు. బూడిద, బిస్కెట్టు, వెలిసిన గంధం... పరుపంతా పరుస్తాడు. ఆవిడ వేలు మాత్రం పై అరలోని చిలకాకుపచ్చ గద్వాల చూపిస్తుంటుంది. "అది మీ కోడలుగారికి బావుంటుందమ్మా!" తీర్పు అయిపోయింది. అప్పీలు లేదు.

ఇంతలో భర్తగారు వస్తారు. వయసు 68, జుట్టుకు నల్లరంగు, పువ్వుల చొక్కా, జీన్సు. "అంకుల్ స్మార్టుగా ఉన్నారు" అని అదే కుర్రాడు మెచ్చుకుంటాడు. తెర మీద 60 దాటిన హీరో కూతురి ఈడు నాయికతో గంతులేస్తే ఈలలు వేసే జాతి మనది. ఆ వయసు ఆడమనిషి ఎర్రచీర కడితే మాత్రం "ఈ వయసులో ఇదేం పోకడమ్మా!"

1881లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం చేయించారని గొప్పగా చెప్పుకుంటాం. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో భర్త పోయాక రంగులు లాక్కునేవారు. మనం అభ్యుదయవాదులం కదా, భర్త పక్కనే ఉండగా లాక్కుంటున్నాం.

ఇప్పుడు ఫ్యాషన్ పండితులు కూడా దిగారు. మెడ ముడతలకు కాలరు, జబ్బలకు పొడుగు చేతులు, పొట్టకు ష్రగ్గు, ఆ పైన స్టోలు. పొర మీద పొర వేస్తే హుందాతనమట. మే నెల విజయవాడలోనా? లంగా, జాకెట్టు, 5.5 మీటర్ల చీర, బొడ్డు దగ్గర దోపిన కుచ్చిళ్లు: పొరల విద్యలో ఆవిడకు పాఠం చెప్పే మొనగాడెవడు? జనవరిలో న్యూజెర్సీ వెళ్లి చూడండి. నూలుచీర మీద అల్లుడి పాత కోటు, చెవులకు మఫ్లరు, కాళ్లకు సాక్సులు, బూట్లు. ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టి నవ్వుకునే పిల్లలు గమనించరు గానీ, చలిని ఆపేది పొరల మధ్య చిక్కుకున్న గాలే. ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది.

రంగు మీద ఇంతమంది పంచాయితీ పెడతారు కదా, ఒంటి బాధ అడిగినవాడు ఒక్కడుంటే ఒట్టు! భుజం పట్టేసినావిడకు, మనవరాలి పెళ్లి కోసం డిజైనర్ పేరుతో వెనక హుక్కుల జాకెట్టు కుట్టిస్తారు. ఆమె చెయ్యి అంతవరకూ పోదు. ముందు హుక్కులైనా, కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లకు ఆ పిసరంత ఇనపముక్క దొరకదు. లంగా బొందు ఒరిసి నడుం చుట్టూ నల్లటి కాయ కాసింది. జరీ బరువుకు పైట భుజాన్ని కిందికి గుంజుతుంది. ఈ బాధ నేతగాడికి తెలుసేమో, గద్వాల చీర ఒళ్లంతా నూలు నేసి, అంచుకూ కొంగుకూ పట్టు పెట్టాడు. ఒంటికి హాయి, కంటికి పండగ. ఆవిడ అడిగింది ఆ చీరే.

కాబట్టి అయ్యా కొడుకుల్లారా, అమ్మకు ఏ రంగు నప్పుతుందో సెలవిచ్చే ముందు, పొద్దున్నే ఆమె జాకెట్టు హుక్కులు ఎవరు పెడుతున్నారో కనుక్కోండి. ఆ సంగతి తెలియని నోటికి చీర రంగు గురించి మాట్లాడే హక్కు లేదు.