హాబ్ పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక: అనంతపురంలో ఇల్లు కట్టుకుంటున్న ఒకానొక గృహస్థుడికి వంటింటి పని దాకా వచ్చింది. తాడిపత్రి నల్లబండ దిగింది. దానికి ఓలు, అంటే రంధ్రం, కోసి అందులోకి దించే గ్యాసు పొయ్యే హాబ్. మేస్త్రీ చెవిలో దోపుకున్న పెన్సిలు తీసి, "అన్నా, హాబుకు ఓలు ఎంత కొయ్యాల?" అన్నాడు. గృహస్థుడు భార్య వైపు చూశాడు. ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు "నన్నడిగి కొన్నారా?" అన్నట్టు గోడ వైపు చూసింది. ఆ సంకటంలో పుట్టిన పద్యమిది. కవి పేరు చెప్పుకోలేదు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి పక్కనే. ఈ సీమలో ఎవరికి కోపమొచ్చినా ఆటవెలదిలోనే వస్తుంది. అందుకని ఛందస్సుకు వేరే సమర్థన అక్కర్లేదు.

గాలి జూచి నీరు గాంచి సంగటి జూచి
పిదప బండ గోయ బెద్దతనము
కొట్టువాడు చెప్పు గొప్పలు నమ్మినన్
నాల్గు మంటలుండి నవ్వు మిగులు

ప్రతిపదార్థం: గాలి జూచి = వంటింటి కిటికీలోంచి దూరే గాలిని పరీక్షించి; నీరు గాంచి = ఆ ఇంటికి వచ్చే నీళ్ల గుణమెరిగి; సంగటి జూచి = ఆ పొయ్యి మీద ఏం వండుతారో తెలుసుకొని; పిదప = ఆ తర్వాత మాత్రమే; బండ గోయ = గట్టు మీది బండకు రంధ్రం కోయగా; పెద్దతనము = వివేకమనిపించుకొనును; కొట్టువాడు చెప్పు గొప్పలు = అంగడివాని ప్రగల్భాలు; నమ్మినన్ = నమ్మితే; నాల్గు మంటలు ఉండి = నాలుగు బర్నర్లు ఉండి కూడా; నవ్వు మిగులు = చుట్టాల నవ్వు ఒక్కటే మిగులును.

తాత్పర్యం: స్పష్టం.

ఇక విశేషాలు.

"జూచి" అని రెండుసార్లు, "గాంచి" అని ఒకసారి ఎందుకన్నాడని శంక. అనంతపురంలో గాలి, సంగటి రోజూ ఉండేవే కనుక వాటిని చూస్తారనీ, నీరు కంటపడటమే విశేషం కనుక దాన్ని కాంచుతారనీ కొందరి వ్యాఖ్య. యతి కోసమని మా మతం.

గాలి జూచి. మల్లినాథసూరి మేఘసందేశానికి వ్యాఖ్య రాస్తూ, యక్షుడు కూర్చున్న రామగిరిని చిత్రకూటమన్నాడు. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అంటున్నారు. మన రామగిరి పేరు ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోవడమే మేలు. 2022లో శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయిన ఈ రామగిరి మీద కూర్చుంటే, ఆషాఢం మొదటిరోజున యక్షుడికి మేఘం దొరుకుతుందన్న పూచీ లేదు. గాలి మాత్రం దొరుకుతుంది. పడమటి కనుమలు వానను అక్కడే దింపుకొని ఉత్త గాలిని మనవైపు తోలేస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మనది. గాలికి అలాంటి లెక్క లేదు. 1990లలోనే ఆ గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారంటే అందుకే.

ఆ గాలే వంటింట్లోకీ వస్తుంది. సిమ్‌లో పెట్టిన మంట ఆరిపోతుంది, నాబ్ మాత్రం తెరిచే ఉంటుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, కిందికి దిగి గట్టు కింది అరలో పేరుకుంటుంది. కనుక ఇక్కడ హాబ్ కొనేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది మంట ఆరితే గ్యాసు తనంతట ఆగే ఏర్పాటు ఉందా లేదా అని. దాని కిటుకు చిన్నదే. బర్నర్ పక్కన వేలెడు కడ్డీ ఒకటుంటుంది. మంట దాన్ని కాలుస్తున్నంతసేపూ అందులో పిసరంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఒక అయస్కాంతాన్ని పట్టి ఉంచితే, ఆ అయస్కాంతం గ్యాసు దారిని తెరిచి ఉంచుతుంది. మంట పోయి కడ్డీ చల్లబడితే దారి మూసుకుంటుంది. అంటించాక నాబ్‌ను కొద్ది క్షణాలు నొక్కి పట్టుకోమనేది ఆ కడ్డీ కాగడానికే. కోడళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ, ఆషాఢంలో అర్థమవుతుంది.

ఇంకో సంగతి. హాబ్‌ల్లో చాలా వాటికి మంటకు కావలసిన గాలి కింది నుంచే అందాలి. అర తలుపులు అందంగా బిగించి గాలిసందు లేకుండా చేస్తే మంట పచ్చబడి గిన్నెల అడుగు మసిబారుతుంది. పై నుంచి గాలి ఎక్కువ, కింది నుంచి తక్కువ. ఈ జిల్లా హాబ్‌కు ఇదొక ద్వంద్వం.

నీరు గాంచి. బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి జిల్లాలో పిల్లలకూ తెలుసు. ఉప్పదనమూ తక్కువేం కాదు. ఎసరు పొంగి బర్నర్ మీద ఎండితే సున్నం పెట్టినట్టు తెల్లటి పొర కడుతుంది, చిల్లులు పూడిపోతాయి. అందుకే ఊడదీసి పిన్నుతో పొడుచుకోగలిగే ఇత్తడి బర్నర్ ఇక్కడ మేలు. గాజు పలకకు ఒక సుగుణం ఉంది, దాన్ని న్యాయంగా ఒప్పుకోవాలి. తడిగుడ్డ ఒకటి చాలు. పాతకాలపు స్టవ్‌ను వారానికోసారి పంపు కింద పెట్టి తోమినన్ని నీళ్లు అక్కర్లేదు. మూడు రోజులకోసారి నీళ్లొచ్చే వీధిలో ఇది చిన్న గుణం కాదు. అయితే వేడిగా ఉన్న గాజు మీద చన్నీళ్ల గుడ్డ వేయరాదు, పగులుతుంది.

సంగటి జూచి. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. "గాంచి కార్డును జూచి" అని ఒక పాఠాంతరం కనిపిస్తుంది. అంటే వాయిదాల మీద కొనడానికి కార్డులో ఎంతుందో చూచి అని. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, అర్థమే చెడింది. ఈ పాఠం అంగళ్లవాళ్లు చొప్పించిందై ఉండాలి.

సంగటి అంటే ఏమిటో కోస్తా పాఠకుల కోసం రెండు మాటలు. నూకలు సగం ఉడికాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో గెలుకుతారు. గెలకడమంటే గరిటె తిప్పడం కాదు. భుజం పడాలి, నడుము పడాలి. పిండి కట్టెను పట్టుకుంటుంది, కట్టెతోపాటు గిన్నె తిరుగుతుంది. అందుకే అవ్వలు గిన్నెను పొయ్యి మీంచి దించి, నేల మీద పెట్టి, రెండు పాదాలతో బిగించి గెలికేవాళ్లు. హాబ్ మీది గాజు బరువుకు భయపడదు. గట్టి గాజు అయిదారు కిలోల గిన్నెను సులభంగా మోస్తుంది. దానికి పడనిది పక్కకు తోసే తోపు. గిన్నె జారి ఇనుప కాళ్ల స్టాండు లేచిందా, గాజు అంచుకు దెబ్బ తగిలిందా, ఆ గాజు ముక్కలుగా కాదు, రవ్వలుగా రాలుతుంది. అప్పుడు సంగటి తినడానికి లేదు, పారేయడానికి మనసు రాదు.

కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది స్టాండు: బరువైన పోత ఇనుముదై, గుంటలో కూర్చుని కదలకుండా ఉండాలి. ఇంట్లోంచి సంగటి గిన్నెను అంగడికి తీసుకుపోయి పెట్టి చూడమని మా సలహా. అంగడివాడు నవ్వుతాడు. ఈ నవ్వు నాలుగో పాదంలోని నవ్వు కాదు, అంతకన్నా చవక.

కానీ సంగటి వైపు నుంచే హాబ్‌కు ఒక సాక్ష్యం ఉంది, పూర్వ వ్యాఖ్యాతలు దీన్ని గమనించలేదు. మామూలు స్టవ్ గట్టు మీద కాళ్లూని నిలబడుతుంది, గిన్నె ఇంకా పైకి పోతుంది. అయిదడుగుల మనిషికి గెలికే కట్టె చివర గడ్డం దాకా వస్తుంది, భుజం బలం పనికిరాదు. హాబ్ బండలోకి దిగి ఉంటుంది కనుక గిన్నె బెత్తెడు కిందికి వస్తుంది. చెయ్యి సాగుతుంది. ఆ బెత్తెడు కోసమైనా హాబ్ కొనవచ్చని మేమంటాం. అందం కోసమైతే వద్దు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: "ఎన్.పి.కుంటలో ఎండను కరెంటు చేస్తున్నారు, రామగిరిలో గాలిని కరెంటు చేస్తున్నారు. ఇంత కరెంటు పుట్టే సీమలో గ్యాసెందుకు? ఇండక్షన్ పెట్టుకుంటే ఆర్పడానికి మంటే ఉండదు కదా!"

వాదన బాగుంది. సమాధానం రెండు ముక్కలు. ఒకటి, గిన్నెలు. ఇండక్షన్ అయస్కాంత బలంతో గిన్నె అడుగునే కాలుస్తుంది. సత్తు గిన్నె, ఇత్తడి బిందె, రాగి చెంబు, మట్టి పెనం దాని మీద చల్లగా కూర్చుంటాయి. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బిళ్ల ఏ గిన్నె అడుగుకు అంటుకుంటుందో అదే పనికొస్తుంది. ఆ పరీక్ష చేసి చూడండి, మీ వంటింట్లో అవ్వ నాటి సామానంతా ఓడిపోతుంది. సంగటి గిన్నె ముందుగా ఓడుతుంది, ఎందుకంటే అది సత్తుది.

రెండోది, లెక్క. 14.2 కిలోల సిలిండర్‌లో కరెంటు కొలతలో సుమారు 180 యూనిట్ల వేడి ఉంటుంది. మంచి స్టవ్ మీద అందులో మూడింట రెండు వంతులు గిన్నెకు చేరుతుంది, మిగతాది వంట చేసేవాళ్ల ముఖానికి. ఇండక్షన్ తాగిన కరెంటులో సుమారు 85 శాతం గిన్నెకు ఇస్తుంది. కూడి తీసి చూస్తే ఒక సిలిండర్ పని చేయడానికి సుమారు 140 యూనిట్లు కావాలి. మన బిల్లులో స్లాబులున్నాయి, పైకి పోయేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఆ 140 పైమెట్టు మీదే పడతాయి. మీ బిల్లు తీసి పైమెట్టు ధరతో గుణించి సిలిండర్ ధర పక్కన పెట్టుకోండి. దీపం-2 పథకం కింద 2024 నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇంట్లో ఆ గుణకారం కూడా అనవసరం. అయితే పాలకూ టీకీ ఒక ఒంటి ఇండక్షన్ పక్కన ఉండటం తప్పు కాదు. సిలిండర్ అయిపోయిన రోజున అదే దేవుడు. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు ముందే పెట్టించుకోవాలి.

పొయ్యిల వంశవృక్షం ఇక్కడ చెప్పడం వ్యాఖ్యాతల ఆచారం, క్లుప్తంగా కానిద్దాం. కంప, కందికట్టె వేసే మట్టిపొయ్యి. బుడ్డల పొట్టు, రంపపు పొట్టు దట్టించే పొట్టుపొయ్యి. 1970లలో ఇండియన్ ఆయిల్ వాళ్లు తెచ్చిన నూతన్ కిరసనాయిలు స్టవ్. 1999లో పొదుపు సంఘాల ఆడవాళ్లకు దీపం గ్యాసు. సరిహద్దు దాటితే బాగేపల్లి వైపు కూలీ సంఘం వేల ఇళ్లలో కట్టించిన పేడగ్యాసు. వీటిలో దేనికీ బండ కోయనక్కర్లేదు. బండ కోయమన్న మొదటి పొయ్యి హాబే.

పిదప బండ గోయ. "పిదప" అన్న మాట మీద మేము కూర్చుంటాం. స్టవ్ నచ్చకపోతే మార్చవచ్చు, ఓలు మార్చలేం. ఒక కంపెనీ కొలత ఇంకో కంపెనీకి సరిపోదు. చిన్నగా కోస్తే పెద్దది చేసుకోవచ్చు, పెద్దగా కోస్తే అంతకు తగ్గ హాబ్ కోసం హైదరాబాదు దాకా వెతకాలి. కనుక మొదట హాబ్ ఇంటికి రావాలి, డబ్బాలోని కొలత కాగితం బండ మీద పరవాలి, అప్పుడు మిషన్ ఆడాలి. తాడిపత్రి బండ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. ఓలుకూ గట్టు ముందంచుకూ మధ్య సన్నటి పట్టీ మిగిలితే ఎవరో ఒకరు దాని మీద చెయ్యి ఆనిన రోజున అది విరుగుతుంది. ఓలు మూలలు కోసుగా కాక గుండ్రంగా తిప్పమనండి. చీలిక ఎప్పుడూ మూలనుంచే బయలుదేరుతుంది. మేస్త్రీ "అట్లేం కాదులేన్నా" అంటాడు. అననివ్వండి, తిప్పించండి.

కొట్టువాడు చెప్పు గొప్పలు. నాలుగు బర్నర్లు, జర్మన్ గాజు, తనంతట అంటుకునే మంట. ఇందులో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా అన్నది ఆయన చెప్పడు, మనమే అడగాలి. ఆ గుర్తున్న గృహ స్టవ్ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేర్చాలి. నాలుగు బర్నర్ల చిన్న హాబ్ మీద రెండు పెద్ద గిన్నెలు పక్కపక్కన పెట్టి చూడండి, మూడోదానికి చోటుండదు. ఓళిగల పెనానికి ఒక పెద్ద బర్నర్, పప్పుకు ఒక మధ్యరకం, టీకి ఒక చిన్నది. మూడు చాలు. చిన్న గిన్నె కింద పెద్ద మంట పెడితే గ్యాసు గిన్నె చెవులను కాలుస్తుంది.

నవ్వు మిగులు. "నూనె మిగులు" అని ఒక ప్రతిలో ఉంది. యతి పోతుంది కనుక త్యాజ్యం. ఈ నవ్వు గృహప్రవేశం నాడు వినబడుతుంది. కొత్త హాబ్ మీద మొదట చేసే పని పాలు పొంగించడం. హాబ్‌తో వచ్చిన పుస్తకంలో వద్దని మొదట రాసేదీ అదే. పాలు బర్నర్ చిల్లుల్లోకి దిగుతాయి, మంట ఆరుతుంది, ముత్తైదువలు సంతోషిస్తారు. ఇక మూడు వందల మందికి వంట ఎక్కడ? పెరట్లో తవ్విన గాడిపొయ్యి మీద, సర్కారు కంప మంటతో. చుట్టాలు లోపలికి వచ్చి నాలుగు మంటల హాబ్‌ను చూసి, బయటికి పోయి భోంచేస్తారు.

శేషం: ఆటవెలదికి నాలుగే పాదాలు కనుక కవి రబ్బరు గొట్టం సంగతి వదిలేశాడు. అది ఒకటిన్నర మీటరు మించరాదు, అతుకులుండరాదు, అయిదేళ్లకోసారి మార్చాలి. తయారైన నెల, సంవత్సరం గొట్టం మీదే అచ్చు వేసి ఉంటాయి. సిలిండర్ గట్టు కింది అరలో ఉంటే వంగి, టార్చి వేసి చూసుకోవాలి.