బోరుకొచ్చిన ఫియట్: ఏదీ తేల్చకుండా నెట్టుకొచ్చే చిట్కాలు

మియాపూర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ముపట్టిన కవరు కింద ఓ పాత ఫియట్ కనిపిస్తే, అది నాన్నగారిదో మామగారిదో అయి ఉంటుంది. ఆర్సీలో ప్రీమియర్ పద్మిని అని ఉన్నా ఇంట్లో అందరికీ అది ఫియట్టే. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ కిందే గేరు రాడ్డు. ఇప్పుడు ఇంజిన్ పోయింది. చేయించాలా, వదిలించుకోవాలా?

రెండూ తప్పే. చేయిస్తే డబ్బు పోతుంది, అమ్మితే పరువు పోతుంది. “చూస్తున్నాం” అంటూ కాలం గడిపితే డబ్బూ పరువూ రెండూ మిగులుతాయి. కారు మిగలదు, అది వేరే సంగతి. ఈ కింది చిట్కాలు పాటించండి. పైసా ఖర్చు లేకుండా, వేలికి గ్రీజు అంటకుండా, వింటేజ్ కారు ఓనర్‌గా ఏళ్ల తరబడి చలామణి అయిపోవచ్చు.

1. కంప్రెషన్ టెస్టు జోలికి పోకండి.

నాలుగు ప్లగ్గులు విప్పి, గేజి పెట్టి, సెల్ఫ్ కొడితే అరగంటలో నాలుగు అంకెలు చేతికొస్తాయి. తక్కువ చూపించిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొడితే ఇంకో అంకె వస్తుంది. అంకె పెరిగితే రింగులూ బోరూ అరిగినట్టు, పెరగకపోతే లోపం వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉన్నట్టు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే అనుమానమంతా గ్యాస్కెట్ మీదే. ఇంత తేటగా తెలిసిపోయాక ఇంకేం మిగులుతుంది? “బావా, బండి ఎంతవరకొచ్చింది?” అని బావమరిది అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పాల్సి వస్తుంది. పైగా అది గ్యాస్కెట్‌తో పోయే జబ్బని తేలిందా, చేయించక తప్పదు. అందుకే గేజి తెచ్చిన మెకానిక్‌ని టీ తాగించి పంపించేయండి.

2. తప్పంతా పెట్రోలు మీదికి తోయండి.

నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయని, నల్ల పొగైతే కార్బురేటర్ పెట్రోలు ఎక్కువ తాగిస్తోందని షెడ్డులో చేరిన కొత్త కుర్రాడికి కూడా తెలుసు. ఆయిల్ మూత విప్పినప్పుడు లోపల పాలటీ రంగు నురగ కనబడితే నీళ్లూ ఆయిలూ కలిశాయని అర్థం. ఇవేవీ పట్టించుకోకండి. ఏ రంగు పొగకైనా “ఎథనాల్ అండీ” అనేయండి. పెట్రోల్లో 20 శాతం ఎథనాల్ కలుపుతున్న మాట నిజమే. పాత బండ్ల రబ్బరు పైపులనూ, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్‌నూ అది తినేస్తుందన్నదీ నిజమే. ఆ రబ్బరు సామాను మార్చడానికి పెద్ద ఖర్చేం కాదన్న మూడో నిజం మాత్రం బయటపెట్టకండి. బోరు అరిగింది మీరు ఏళ్ల తరబడి ఎయిర్ ఫిల్టర్ మార్చకపోవడం వల్లేనా అని ఎవరూ అడగరు. దేశ విధానం మీద నెపం పెట్టాక సొంత నిర్లక్ష్యం గుర్తు రాదు.

3. ఐదుగురు మెకానిక్కులను అడగండి, ఒక్కడికీ బండి చూపించకండి.

చప్పుడు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. జనరేటర్ నడుస్తున్నప్పుడు రికార్డు చేస్తే ఇంకా మంచిది. పైనుంచి వచ్చే టకటక ట్యాపెట్ల గ్యాపు వల్ల అయితే ఫీలర్ గేజి పెట్టి కాసేపట్లో సర్దేస్తారు. కిందనుంచి, బరువు పడినప్పుడు దబదబమని కొట్టుకుంటే బేరింగులు పోయినట్టు. ఫోన్లో ఈ తేడా తెలియదు. మన బలం అదే. అందరి మాటా విని, అన్నింటికంటే ఎక్కువ అంకె చెప్పినవాడిని నమ్మండి. “ఇంత అవుతుందటండీ!” అనడానికి పెద్ద అంకె ఉండాలి కదా.

4. పట్టేసిన ఇంజిన్‌ని తాడు కట్టి లాగించండి.

చాన్నాళ్లు నిలబెట్టిన బండి ఇంజిన్ పట్టేస్తే ఓపికున్నవాళ్లు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో కాస్త డీజిలో, తుప్పు వదిలించే నూనెనో పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, క్రాంక్‌ని చేత్తో మెల్లగా అటూ ఇటూ కదుపుతారు. అంత తీరిక మీకెక్కడిది? సోమవారం ఆఫీసుకు పోవాలి. గేరులో పెట్టి, స్కార్పియోకి తాడు కట్టి, ఆల్విన్ క్రాస్ రోడ్స్ దాకా లాగించండి. కటుక్కుమని వినిపిస్తే రింగు విరిగినట్టు. అప్పటిదాకా బాగుచేయదగ్గ ఇంజిన్ కాస్తా చర్చించదగ్గ ఇంజిన్ అవుతుంది.

5. దింపించండి, విప్పించండి, ఆ తర్వాత మాయమైపోండి.

చిట్కాలన్నింటిలో రాజు లాంటిది ఇది. కారు సెల్లార్లో ఉంటే అసోసియేషన్ సెక్రటరీ రోజూ అడుగుతాడు. ఇంజిన్ షెడ్డులో ఉంటే “పని జరుగుతోంది” అనొచ్చు. ఎస్టిమేట్ అడగకుండానే విప్పమనండి. విప్పేటప్పుడు పొరపాటున కూడా అక్కడ ఉండకండి. ఉంటే గుర్తులు పెట్టమని చెప్పాలనిపిస్తుంది. కనెక్టింగ్ రాడ్ల టోపీలు దేనిది దానికే సరిపోతాయి. మెయిన్ బేరింగ్ టోపీలూ అంతే, అటుది ఇటు బిగిస్తే క్రాంక్ తిరగదు. పుష్‌రాడ్లూ వాల్వులూ అరిగిన చోటే మళ్లీ కూర్చోవాలి. కాబట్టి అన్నింటినీ కలిపి ఒకే గోనె సంచిలో పోయించండి. బోల్టులు పెయింటు డబ్బాలో. డబ్బాకి మూత ఉండకూడదు.

ఇక్కడ మూడు ప్రశ్నలు మీ నోటిదాకా వస్తాయి. గట్టిగా మింగేయండి. బ్లాకు ఎక్కడైనా పగిలిందా? క్రాంక్ జర్నల్స్ మైక్రోమీటర్‌తో కొలిస్తే ఇంకో గ్రైండింగ్‌కి చోటుందా? ఇంతకు ముందు బోరు ఎంత సైజు దాకా కొట్టించారు? మూడోదానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. ఓవర్‌సైజు పిస్టన్ తల మీద మసి తుడిస్తే సైజు చెక్కి ఉంటుంది. ఆఖరి సైజు దాటిపోతే స్లీవులు వేయాలి, లేకపోతే ఇంకో బోరుకు అవకాశముంది. ఈ మూడూ తెలిస్తే చేయించాలా వద్దా అన్నది ఆ సాయంత్రానికే తేలిపోతుంది. తేలిపోతే వచ్చే ఏడాది సంక్రాంతికి చుట్టాలతో ఏం మాట్లాడతారు?

షెడ్డువాడు ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాననండి. రెండు వానాకాలాలు గడిస్తే బోరు గోడలకు పట్టే తుప్పు మిగతా పని చూసుకుంటుంది.

6. ఎవరో బలవంతం చేసి చేయించారా, రింగులతో సరిపెట్టండి.

లేత్ షాపు ఖర్చు దండగ. బోరు కొలవకుండా, గోడలకు హోనింగ్ చేయకుండా, పాత పిస్టన్లకే కొత్త రింగులు తొడిగించండి. అరిగిన బోరు పైఅంచున చిన్న గట్టు మిగిలి ఉంటుంది. కొత్త పై రింగు అక్కడికి పోయి కొట్టుకుంటుంది. పొగ మళ్లీ మొదలయ్యాక “చూశారా, నేను ముందే చెప్పాను, ఇది బాగయ్యేది కాదు” అనే హక్కు మీకొస్తుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆయిల్ త్వరగా మార్చమని మేస్త్రీ చెబుతాడు. తల ఊపి, ఆ రాత్రే ఔటర్ రింగ్ రోడ్డెక్కి 158 కిలోమీటర్లూ ఒక చుట్టు చుట్టి రండి.

7. వేరే ఇంజిన్ పెడతానని ప్రకటించండి.

మారుతి 800ది పెడతానో, ఓమ్నీది పెడతానో చెప్పండి. అది 796 సీసీ, మూడు సిలిండర్లది, గేర్‌బాక్సుతో మొదలుపెట్టి మౌంటింగుల దాకా ఏదీ కలవదన్న సంగతి ప్రకటనకు అడ్డం కాదు. నిజంగా పెట్టించేస్తే ఆర్టీఏ అనుమతి, ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు వంటివి గుర్తుకు తెచ్చుకోకండి. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సువాళ్లే గుర్తుచేస్తారు.

8. చట్టాన్ని అడ్డం పెట్టుకోండి.

2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, నంబరులో వీఏ అన్న అక్షరాలు. ఇందులో మనకు కావలసిన ముక్క ఒక్కటే: “ఇంజిన్ ముట్టుకోకూడదట.” అరిగిన ఇంజిన్‌ని దాని సైజులోనే బాగుచేయడం వేరు, మార్చేయడం వేరు అని ఎవరైనా అంటే, మీకు లాయర్ తెలుసని చెప్పండి. పద్మిని అన్న పేరే 1974లో వచ్చింది, మీ బండి 1991 మోడలు, యాభై ఏళ్లు నిండటానికి ఇంకా బోలెడు కాలముంది అన్న లెక్క మాత్రం ఎవరినీ వేయనివ్వకండి.

ఈలోపు మామూలు రిజిస్ట్రేషన్ గడువు దాటిపోనివ్వండి. పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 10,000 రూపాయలైంది. “అంత పెట్టి ఎందుకండీ?” అనడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.

9. సామాన్ల కోసం తిరగండి, కొనకండి.

మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగొచ్చు. పుత్లీబౌలి, జాంబాగ్ అక్కడికి దగ్గరే. పాత ఫియట్ గ్యాస్కెట్ సెట్టు, బేరింగులు అక్కడ అడిగితే ఎవరో ఒకరు “రేపు రండి భాయ్, తెప్పిస్తా” అంటారు. రేపు వెళ్లకండి. ఇంకో శనివారం రాణిగంజ్ వెళ్లండి. పాత పిస్టన్ శాంపిల్‌గా తీసుకెళ్లకండి, సైజు కాగితం మీద రాసుకోకండి. తిరిగొచ్చేటప్పుడు దారిలో తినేసి వచ్చి, “ఎక్కడా దొరకడం లేదు” అని ఇంట్లో చెప్పండి. పిల్లలు నాన్న కష్టపడుతున్నాడనుకుంటారు.

10. చివరికి తోపుడు బండివాడికి ఇచ్చేయండి.

ఎన్నాళ్లకో సెక్రటరీ నోటీసు అంటిస్తాడు. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దానితో ఆర్సీ రద్దు చేయించుకోవచ్చు, కొత్త బండి పన్నులో రాయితీ అడగొచ్చు. కానీ ఫారాలు నింపాలి, సంతకాలు పెట్టాలి. మనవల్ల కాదు. కిలోల లెక్కన కొనేవాడికి గోనె సంచితో సహా అప్పజెప్పండి. రసీదు అడగకండి, నంబరు ప్లేట్లు విప్పకండి. ఆ ప్లేట్లు ఇంకో బండి మీద తిరగడం మొదలెడితే చలానాలు మీకే వస్తాయి. కారు లేకపోయినా ఆర్సీ మీ పేరునే ఉంది కాబట్టి జవాబు చెప్పుకోవాల్సిందీ మీరే.