నీడ చెట్టు

సత్యనారాయణపురంలో మా పక్కింటి పిన్నిగారి డాబా నిండా కాక్టస్ పిల్లలే. కొని తెచ్చినవి కావు. మామిలేరియా మొక్కకి కాసిన ఎర్రటి సన్నకాయల్లోంచి గింజలు తీసి, కిందటేడు కార్తీకంలో వానలు వెనకబట్టాక చల్లి మొలిపించుకున్నవి.

మాఘమాసంలో ఓ ఆదివారం వాటికి కుండీలు మారుస్తున్నారంటే సాయానికి వెళ్లాను. పిల్లలు బఠాణీ గింజంత అయ్యి ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. మార్చడానికి అదే అదును.

"మన నల్లరేగడి వీటికి పనికిరాదు అమ్మాయ్. నీరు వదలదు, వేరు కుళ్లిపోతుంది" అంటూ పిన్నిగారు కృష్ణ ఇసక జల్లించి, ఇటుక నలుసులు, చివికిన ఆకు ఎరువు కలిపారు. చీపురుపుల్లతో ఒక్కో పిల్లనీ వేరు తెగకుండా లేపి, కాస్త చెమ్మగా ఉన్న మట్టిలో కూర్చోబెట్టారు. నేను చెంబు ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. నలిగిన వేరు మానేదాకా నాలుగైదు రోజులు నీళ్లు పోయకూడదట. ఆ తర్వాత కూడా పళ్లెంలో నీళ్లుంచి అందులో కుండీ పెడితే అడుగునుంచి కావలసినంత పీల్చుకుంటాయి. పైనుంచి గుమ్మరిస్తే బెజవాడ ఉక్కకి బూజు పట్టి, రాత్రికి రాత్రి మొదలు కుళ్లి వాలిపోతాయి.

"ఎండకి మాత్రం ఓర్చుకుంటాయిగా పిన్నీ?"

"పెద్దవి ఓర్చుకుంటాయి. పసివాటికి నీడ కావాలి. రోహిణీ కార్తెలో రెండు పొరల పచ్చ నెట్ కట్టి కాపాడుకొచ్చాను."

అంతలో వాళ్లబ్బాయి కాగితాలు పట్టుకుని పైకొచ్చాడు. ఉండేది అరిజోనాలో. గుడివాడ దగ్గర ఉన్న రెండెకరాల మాగాణీ అమ్మి అతన్ని చదువుకి పంపారు. బాబాయిగారు పోయాక పిన్నిగారికి మిగిలింది ఈ ఇల్లే.

"అమ్మా, జీపీఏ తయారైంది. నువ్వు సంతకం పెడితే ఇల్లు బిల్డర్‌కి రిజిస్టర్ చేసేసి, నీ ఓల్డేజ్ హోమ్ డిపాజిట్ కూడా కట్టేసి వెళ్తాను" అన్నాడు. కుండీలు చూసి నవ్వాడు. "ఇంత చిన్నవా! మా దగ్గర సగువారో కాక్టస్ 40 అడుగులు లేస్తుందమ్మా. 150 ఏళ్లు బతుకుతుంది."

"దానికి పసితనంలో నీడ ఎవరు పడతారురా?"

"చెట్లుంటాయిగా! పాలో వెర్డే అని ఒక చెట్టు. దాని కింద మొలుస్తుంది. మొదటి 8 ఏళ్లలో అంగుళమున్నరకి మించి ఎదగదు. ఎండ మాడ్చకుండా, చలి కొట్టకుండా, జంతువులు తొక్కకుండా ఆ చెట్టే కాస్తుంది. అక్కడి నేషనల్ పార్క్ గైడ్ చూపించాడు కూడా."

"కాక్టస్ పెద్దదయ్యాక ఆ చెట్టు ఏమవుతుంది?"

"నేలలో తడంతా కాక్టసే లాగేసుకుంటుంది. చాలాసార్లు చెట్టు ఎండి చచ్చిపోతుంది" అంటూ అతను పెన్ను మూత తీసి అందించాడు.

పిన్నిగారు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కాగితాలు తీసుకున్నారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. సంతకం పెట్టేస్తున్నారనే అనుకున్నాను. నాలుగు మడతలు పెట్టి కొడుకు చొక్కా జేబులో ఉంచారు.

"అది ఎడారి నాన్నా, ఒకరు బతకాలంటే ఒకరు ఎండాలి. ఇది కృష్ణ ఒడ్డు. ఇక్కడ చెట్టు ఎండక్కర్లేదు."

ఆ ఇల్లు ఇవాళ్టికీ ఆవిడ పేరు మీదే ఉంది.