ఫార్మాట్ కొడితే పోతుంది

మన ఊళ్లలో కంప్యూటర్ రోగాలన్నిటికీ ఒకటే మందు. ల్యాప్‌టాప్ నెమ్మదించిందా, ఫార్మాట్. వేడెక్కుతోందా, ఫార్మాట్. కీబోర్డులో ఒక మీట పడటం లేదా, ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం సార్. స్క్రీన్ మీద నిలువు గీత వచ్చిందా, అదీ ఫార్మాట్ అయ్యాక చూద్దాం. యంత్రాన్ని మోసుకెళ్లాల్సిన పని కూడా లేదు. ఫోన్లో రెండు ముక్కలు చెబితే చాలు, అవతలి నుంచి అదే తీర్పు వస్తుంది. చిన్న పట్నమని, పెద్ద నగరమని తేడా లేదు. ఇంత సమదృష్టి మన దేశంలో ఇంకెక్కడా కనబడదు.

ఈ మందు మహిమ పూర్తిగా చూడాలంటే మాత్రం డీవీడీ డ్రైవు చదవని ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకెళ్లాలి. "ఇంకా డీవీడీలేంటి సార్!" అని ముందొక నవ్వు వస్తుంది. నవ్వనివ్వండి. ఒకప్పుడు తెలుగు నేల మీద జరిగిన పెళ్లిళ్లలో లెక్కలేనన్ని ఇవాళ ప్లాస్టిక్ డబ్బాల్లో గుండ్రంగా పడున్నాయి. ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, షష్టిపూర్తులు, కిందటి తరం తాతయ్యలు నడుస్తూ మాట్లాడుతూ కనబడే ఏకైక చోటు ఆ డబ్బాలే. ఇదంతా పాత సంగతి అనుకుందామన్నా, ఎమ్మారై తీసే సెంటర్లు ఫిల్ముతో పాటు సీడీ చేతిలో పెట్టడం చాలా కాలం చూశాం. పెద్ద డాక్టరు దాన్ని చూస్తానంటే ఇల్లంతా డ్రైవు కోసం వెతుక్కోవడమూ చూశాం.

కాబట్టి ల్యాప్‌టాప్ రిపేరు షాపు కౌంటరు మీదికి వస్తుంది. సంభాషణ ఇలా నడుస్తుంది.

"బాబూ, డిస్కు వేస్తే గిర్రున తిరుగుతోంది, టక్ టక్ మంటోంది, ఆగిపోతోంది."

"విండోస్ కరప్ట్ అయింది సార్."

"మరి నెట్ వస్తోంది, పాటలు వస్తున్నాయి, పిల్లల క్లాసులు వస్తున్నాయి కదా?"

"అవి వస్తాయి సార్. డ్రైవర్స్ పోయినాయి. ఫార్మాట్ కొడితే పోతుంది."

సాయంత్రానికి ల్యాప్‌టాప్ చేతికొస్తుంది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న బారసాల ఫోటోలు ఉండవు. ఆఫీసు ఉత్తరాలు ఉండవు. తెలుగు టైపు కోసం ఎవరితోనో బతిమాలి వేయించుకున్న కీబోర్డు ఉండదు. డిస్కు వేస్తే మాత్రం గిర్రున తిరుగుతుంది, టక్ టక్ మంటుంది, ఆగిపోతుంది.

అసలు లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ట్రే బయటికి లాగితే చాలు. ల్యాప్‌టాప్ డ్రైవుల్లో ట్రేతో పాటే సరంజామా అంతా బయటికొస్తుంది. మధ్యలో డిస్కు కూర్చునే ఇరుసు, దాని పక్కనే కందిగింజంత కటకం. ఆ కటకం గుండా లేజరు కాంతి వెళ్లి డిస్కు లోపలి పొర మీద పడి తిరిగొస్తుంది. సీడీకైతే 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకైతే 650 నానోమీటర్ల ఎర్ర కాంతి. సీడీ మీద ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, డీవీడీ మీద 0.74. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. డిస్కు పెట్టగానే కటకం సన్నని తీగల మీద పైకీ కిందికీ కదులుతూ ఫోకస్ వెతుక్కుంటుంది. దొరికాక డిస్కు లోపలి అంచు దగ్గర చదవడం మొదలుపెడుతుంది. మనం వినే టక్ టక్ చాలాసార్లు ఆ వెతుకులాటే. కాసేపు వెతికి దొరక్కపోతే మోటారు ఆపేసి, డిస్కు లేదని పైకి కబురు పెడుతుంది. ఇదంతా డ్రైవు తన సొంత చిప్పుతో తానే చేసుకునే పని. విండోస్ వంతు ఆ కబురు అందుకుని "దయచేసి డిస్కు పెట్టండి" అని మనకు వినిపించడం వరకే.

ఆ కటకం మీద ఏళ్ల తరబడి దుమ్ము పడింది. మన ఇళ్లలో దుమ్ముకు తోడు పోపు పొగ, అగరుబత్తి పొగ. ఈ పొరను తుడవకుండా విండోస్ తుడిచిపెట్టడం, కంట్లో నలుసు పడిందని వచ్చినవాడికి గుండు కొట్టి పంపడం లాంటిది. గుండు నున్నగానే ఉంటుంది, పనితనానికి వంక పెట్టలేం.

ఇంతకంటే రమ్యమైన ఘట్టం ఒకటుంది. కొన్ని షాపుల్లో ఫార్మాట్ కొట్టడానికి విండోస్ డీవీడీనే వాడేవాళ్లు. దాన్ని ఆ చదవని డ్రైవులోనే పెడతారు. యంత్రం ఆపి మళ్లీ ఆన్ చేస్తారు. డ్రైవు తిరుగుతుంది, టక్ టక్ మంటుంది, ఆగిపోతుంది. ఆ క్షణంలో విండోస్ ఇంకా నిద్ర కూడా లేవలేదు. అసలు హార్డ్ డిస్కునే ఎవరూ ముట్టుకోలేదు. అంటే తప్పు విండోస్‌ది కాదని యంత్రమే సాక్ష్యం చెప్పింది. వచ్చినవాళ్ల కళ్ల ముందే చెప్పింది. కుర్రాడు ఆ సాక్ష్యం విని, "చూశారా సార్, అస్సలు తీసుకోవట్లేదు" అని తల పంకించి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, దాంతో ఫార్మాట్ మొదలుపెడతాడు. న్యాయశాస్త్రంలో దీనికి పేరుందో లేదో గానీ, సాక్షి నిర్దోషి అన్నవాడినే ఉరి తీయడమిది.

నిజానికి ఆ ఒక్క పరీక్షతో సగం కథ తేలిపోతుంది. డిస్కుతో బూట్ అయితే డ్రైవు బాగున్నట్టు, తప్పు పైన ఎక్కడో ఉన్నట్టు. బాగున్న డిస్కుతో కూడా బూట్ కాకపోతే ముందు డ్రైవునే అనుమానించాలి, విండోస్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఇంకో రెండు డిస్కులు మార్చి చూస్తే మిగతాదీ దాదాపు తేలుతుంది. సీడీకీ డీవీడీకీ లేజర్లు వేరు కాబట్టి, ఒక రకం చదివి ఇంకో రకం అసలు చదవకపోతే ఆ రెంటిలో ఒకటి నీరసించిందనుకోవచ్చు. కంపెనీ అచ్చువేసిన సినిమా డిస్కు ఆడి, పెళ్లి డిస్కు ఆడకపోతే అనుమానం ముందు డిస్కు మీదికి పోవాలి. ఇక డిస్కు ఇరుసు మీద టక్కున కూర్చునేదాకా నొక్కకుండా ఊరికే పెట్టి మూసేసేవాళ్లున్నారు. బల్ల మీద పెట్టుకునే పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ ట్రేలో అలా పడేస్తే సరిపోయేది. ల్యాప్‌టాప్‌లో పైనుంచి పట్టుకునే బిళ్ల ఉండదు, వేలితోనే నొక్కాలి. ఆ నొక్కు తగ్గినందుకు ఫార్మాట్ అయిపోయిన యంత్రాలు ఎన్నో ఆ ఫార్మాట్ దేవుడికే తెలియాలి.

విండోస్ ఎప్పుడూ పునీతురాలేనని నేననడం లేదు. డ్రైవు కంప్యూటర్లో అసలు కనబడకుండా పోయి, డివైస్ మేనేజర్లో పసుపు గుర్తుతో కూర్చుంటే అది చాలావరకు సాఫ్ట్‌వేర్ జబ్బే. డిస్కులు రాసే ఏదో పాత ప్రోగ్రామ్‌ను తీసేస్తే, అది పోతూ పోతూ రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే రెండు పద్దులు వదిలిపోతుంది. రిజిస్ట్రీకి ముందు ఒక నకలు తీసి పెట్టుకుని, డ్రైవుకు సంబంధించిన చోట ఆ రెండూ చెరిపేసి మళ్లీ ఆన్ చేస్తే డ్రైవు తిరిగొస్తుంది. ఇది రహస్య విద్య కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్లు ఏనాడో రాసిపెట్టిన చికిత్స. రెండు పద్దులు చెరిపితే పోయేదానికి మొత్తం దస్తరం తగలబెట్టడం ఎందుకో మాత్రం వాళ్లు రాయలేదు.

ఫార్మాట్ వల్లే కొత్తగా వచ్చే జబ్బు కూడా ఒకటుంది, అది నాకు బాగా ఇష్టం. విండోస్ 7లో ఇళ్లలో వాడిన చాలా రకాలు డీవీడీ సినిమాను వాటంతట అవే ఆడించేవి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ ఆ సదుపాయం తీసేసింది. విండోస్ 10లోనూ లేదు. ఇప్పుడు ఊహించండి. సీడీలు చదవడం లేదని విండోస్ 7 ఉన్న ల్యాప్‌టాప్ పట్టుకెళ్లారు. "లేటెస్ట్ వేశాను సార్" అని 10 వేసి ఇచ్చాడు. అప్పటిదాకా ఆడిన పెళ్లి డీవీడీ కూడా ఇప్పుడు ఆడదు. ఇక తీర్పు మారుతుంది: "డ్రైవే పోయింది సార్, కొత్తది వేయాలి." ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ ఒకటి దింపుకుంటే ఆడే డిస్కు కోసం కొత్త డ్రైవు బిల్లు.

అమెరికా నుంచి కొడుకు పంపిన డీవీడీల కథ ఇంకోటి. సినిమా డీవీడీలకు ప్రాంతాల తాళం ఉంటుంది. అమెరికా 1, మన దేశం 5. డ్రైవులో ఆ అంకెను 5 సార్లకు మించి మార్చుకోనివ్వరు. ఆ లెక్క డ్రైవు పొట్టలోనే రాసి ఉంటుంది, విండోస్‌ను ఎన్నిసార్లు చెరిపినా అది చెరగదు. అయినా ఫార్మాట్ కొడతారు. కొట్టాక కూడా ఆడకపోతే "మీవాడు డూప్లికేట్ పంపాడు" అంటారు.

ఫార్మాట్ తర్వాత స్థానం టూత్‌పేస్టుది. గీతలు పడిన డిస్కుకు పేస్టు రాసి రుద్దితే బాగవుతుందని ప్రతి ఇంట్లోనూ ఒక మామయ్య చెబుతాడు. కింది వైపు పైపై గీతలకు అదెప్పుడైనా పనిచేస్తుంది, కాదనను. కానీ మామయ్య దాన్ని గుండ్రంగా రుద్దుతాడు. సమాచారం ఉన్నది గుండ్రటి చుట్లలో. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో చిటికెడే తింటుంది, సీడీలో ఉన్న దిద్దుబాటు లెక్కలు చుట్టు వెంబడి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల నష్టాన్ని పూడ్చుకోగలవు. చుట్టు వెంటే అంతకు మించి పడిన గీతను ఏ లెక్కా దిద్దలేదు. అందుకే తుడిచినా రుద్దినా మధ్య నుంచి అంచుకు, నేరుగా. ఇక సీడీకి పేరు రాసే వైపు గీత పడితే పేస్టు కాదు కదా, తులసితీర్థం పోసినా లాభం లేదు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లైతే సమాచారం పొర ఉండేది ఆ పేరు కిందే, పలచని లక్క పూత వెనక. మనం కింది వైపును పట్టుబట్టలో చుట్టి, పై వైపు మీద బాల్‌పెన్నుతో గట్టిగా "లక్ష్మి పెళ్లి" అని రాస్తాం.

పెళ్లి ఫోటోగ్రాఫర్లూ తక్కువ తినలేదు. వధూవరుల బొమ్మ ఉన్న గుండ్రటి స్టిక్కర్‌ను డిస్కు మీద అతికించి ఇచ్చేవారు. అది కాస్త పక్కకు జరిగి అంటుకుంటే తిరిగేటప్పుడు డిస్కు ఒరుగుతుంది. ఎండకు అంచు లేచిందంటే, 9.5 మిల్లీమీటర్ల సన్నటి ల్యాప్‌టాప్ డ్రైవులో ఆ అంచు ఎక్కడికి తగులుతుందో చెప్పక్కర్లేదు. డ్రైవు చెడగొట్టిన నేరస్థులు పీటల మీద నవ్వుతూ కూర్చుని ఉంటారు.

"లేజర్ పవర్ పెంచుతా సార్" అనే నిపుణులు కొందరున్నారు. లోపలి బుల్లి స్క్రూను కాస్త తిప్పితే నీరసించిన లేజరు ఒక్కసారి లేచి కూర్చుంటుంది. డబ్బులు తీసుకునే సమయానికి అద్భుతంగా చదువుతుంది. తర్వాత త్వరగా కాలిపోతుంది, మన ఇంటికొచ్చాకే కాలిపోతుంది.

ఇన్ని తెలిసీ ఫార్మాటే ఎందుకు కొడతారు? కుర్రాడిని తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ అతని బోర్డు మీద ఏముందో చూడండి: ఫార్మాట్‌కు ఇంత అని ధర రాసి ఉంటుంది. జబ్బేమిటో కనిపెట్టినందుకు ఇంత అని ఏ బోర్డు మీదా ఉండదు. ఎందుకుండదంటే మనం ఇవ్వం. బ్లోయరుతో దుమ్ము ఊది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన ఇయర్‌బడ్‌తో కటకాన్ని మెల్లగా తుడిచి, "అయిపోయింది, రెండొందలు" అని చూడమనండి. "ఇంత దానికి రెండొందలా?" అని కౌంటరు దద్దరిల్లేలా అరుస్తాం. అదే నీలం తెర మీద శాతాలు ఒక్కొక్కటీ పెరుగుతూ, గంటసేపు బెంచీ మీద కూర్చోబెడితే అయిదొందలు మారుమాట లేకుండా ఇచ్చి, టీ కూడా తాగొస్తాం. కనబడే శ్రమకే మన దగ్గర కూలి. ఆలోచనకు లేదు. అతను మన బలహీనతను మనకంటే బాగా చదివాడు, డ్రైవు ఒక్కటే చదవలేకపోయాడు.

డిస్కుల డబ్బాల మీద నూరేళ్లు ఉంటుందని అచ్చు వేసినవాళ్లకూ ఒక నమస్కారం. ఇంట్లో రాసుకున్న డిస్కులో సమాచారం నిలిచేది రంగు పొర మీద, ఎండకూ వేడికీ అది వెలుస్తుంది. విజయవాడ మే నెలను ఆ డబ్బా అచ్చువేసినవాడు చూసి ఉండడు. డిస్కుల తయారీలో మన దేశంలో పెద్ద పేరైన మోసర్ బేర్ కంపెనీ 1983లో పుట్టి 2018లో లిక్విడేషన్‌లోకి పోయింది. కంపెనీకి లేని నూరేళ్ల ఆయుష్షు డిస్కుకు ఎక్కడిది?

అందుకని పాఠకులకు నా మనవి. పెట్టెలోని డిస్కులు ఇంకా చదువుతుండగానే బయటికి తీయండి. మీ డ్రైవు మొరాయిస్తే యూఎస్‌బీకి తగిలించుకునే బయటి డ్రైవు ఒకటి కొనుక్కున్నా, పక్కింటివాళ్లది అరువు తెచ్చుకున్నా సరే, పెళ్లిళ్లూ స్కానులూ రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించండి. ఈలోగా ఎవరైనా ఫార్మాట్ మాటెత్తితే, ముందు డిస్కుతో బూట్ చేసి చూపించమనండి. చూపించి, జబ్బేమిటో చెబితే ఆ చెప్పినందుకే డబ్బులివ్వండి. చూపించకపోతే ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వచ్చేయండి.