బుడ్డిద్వయ వ్యాఖ్య

ఆ. బెల్లపాకమొకటి బేరిపండొక్కటి
రెండు బుడ్లు దెచ్చె రేలుబండి
గోలుబజరుకెల్ల గుప్పుమన్నది తావి
తెలుగు ముక్కు చేయు తీర్పు వినుము

టీక: బెల్లపాకము = తియెరీ ముగ్లెర్ పేరిట 1992లో వెలువడిన ఏంజెల్ అను సెంటు; బేరిపండు = లాంకోమ్ వారి లా వీ ఎ బెల్, 2012 నాటిది; రేలుబండి = హౌరా లోకల్ (రైలన్నచో యతి చెడును); గోలుబజరు = ఖరగ్‌పూర్ గోల్‌బజార్; తెలుగు ముక్కు = బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవారి మనవల నాసిక. గుప్పుమన్నది అనుట అతిశయోక్తి కాదు. ఈ ఊరి ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు, ఏంజెల్ పూసుకున్నవారు ఒక కొసన దిగితే రెండో కొసన కూలీకి తెలుస్తుంది.

తాత్పర్యం: సుగమం.

విశేషం: ఏంజెల్ కూర్చిన ఒలివియె క్రెస్ప్ అందులో ఇథైల్ మాల్టాల్ ధారాళంగా వేశాడు. పీచుమిఠాయి వాసన దానిదే. అది ప్రయోగశాలలో పుట్టిన సరుకు; దాని అక్క మాల్టాల్ మాత్రం చక్కెర మాడినప్పుడు తనంత తానే పుడుతుంది. ఒట్టి తీపి మొహం మొత్తుతుంది గనుక పచ్చౌలి ఆకు నూనెను, ఆ మట్టివాసనను, ఎదురు నిలబెట్టాడు. రెండోదాన్ని ముగ్గురు కూర్చారు. బేరి, బ్లాక్‌కరెంట్, ఐరిస్, ప్రలీన్. బ్లాక్‌కరెంట్‌ను నల్ల కిస్మిస్ అని కొందరు వ్యాఖ్యానించిరి; అది అపార్థం. ఐరిస్ వల్ల పౌడరు డబ్బా తెరిచినట్టుంటుంది. పచ్చౌలి ఇక్కడా ఉంది గాని మాట మెత్తన.

తినే వాసన ఒంటికి పూసుకోవడమేమిటని పూర్వపక్షం. మామ్మలందరి ఆక్షేపణా ఇదే. సమాధానం: పచ్చకర్పూరం తిరుపతి లడ్డూలో ఉంది, తీర్థంలో ఉంది, గంధంలోనూ కలుపుతారు. కుంకుమపువ్వు సంగతీ అంతే. వంటింటికీ అలంకరణకూ నడుమ మనకు గోడ ఎన్నడూ లేదు. 1992లో పారిస్ కూల్చిన గోడ పారిస్ కట్టుకున్నదే.

ఇక తీర్పు. ఖరగ్‌పూర్ ముక్కుకు రెండు బెల్లాలు తెలుసు: సంక్రాంతికి ఇంట్లో అరిసెల పాకం, ఆ చలికాలమే వీధిలో నొలెన్ గుర్, అనగా ఈతచెట్టు రసం కాచిన బెంగాలీ బెల్లం. ఆ పొగచూరిన తీపి ఎరిగినవారికి ఏంజెల్ చుట్టంలా తోస్తుంది, కొత్తవారికి ఘాటు. నా ఓటు దానికే, అదీ పుష్యమాసంలో. మే నెలలో పూసుకొని లోకల్ ఎక్కితే పాపం పెట్టె మొత్తానిది. ఎండకాలానికీ పెళ్లిచూపులకూ బేరిపండు చాలు. ఎవరినీ నొప్పించదు, ఎవరికీ గుర్తుండదు.

పాఠాంతరం: ఈ ఊరి నింపురా పేట ప్రతిలో నాలుగో పాదం “తెమడ ముక్కు” అని ఉన్నది. యతి సరిపోయినది. లేఖకునికి ఆనాడు జలుబై ఉండును.