ఖాళీ సంచి

పేరాలలో మగ్గాల వీధులను ఆనుకుని ఓ చిన్న సంఘం. నెల నెలా మొదటి ఆదివారం, ప్రభుబల్ల అయ్యాక, ఇరవై ఆరు బీద కుటుంబాలకు తలా పది కిలోల బియ్యం ఇచ్చేవారు. కమిటీ పెద్దలు మందిరం మెట్ల మీద నిలబడి పంచేవారు. ఫొటో తీయించేవారు.

ఒకనాడు కమిటీలో కోశాధికారి లేచాడు.

"వీళ్ళు దేవుడి కోసం వస్తున్నారా, బియ్యం కోసమా? అది తేలాలి."

తలుపు పక్కన కూర్చునే మామ్మ మాటే ముందొచ్చింది. మొదటి ఆదివారం ఆమె చంకలో గుడ్డ సంచి లేకుండా ఎవరూ చూడలేదు.

అలా అడిగినందుకు కోశాధికారిని తప్పు పట్టలేం. ఒంగోలులో మిషనరీ క్లౌ దొరకూ ఇదే అనుమానం వచ్చింది. పాస్టరుగారు ఆ సంగతే ఎత్తారు. 1876లో కరువు మొదలైంది. దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తవ్వినవాళ్ళు బాప్తిస్మం అడిగారు. కూటి కోసమేమోనని పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగింది. ఇక నా దగ్గర ఏమీ లేదు, ఇళ్ళకు పొమ్మన్నాడు. వాళ్ళు కదల్లేదు. బొబ్బలెక్కిన అరచేతులు చాపి, కష్టం చేసుకుని బతుకుతాం, డబ్బు వద్దు, బాప్తిస్మం ఇవ్వమన్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది మునిగి లేచారు.

"అందుకని, ఎవరినీ అనుమానించవద్దు" అన్నారు పాస్టరుగారు.

"అందుకనే, మనమూ ఆపి చూద్దాం" అన్నాడు కోశాధికారి. "నాలుగు నెలలు చాలు."

ఓ ముసలి పెద్దకు భయం వేసింది. "ఇది పేరాల నాయనా. 1921లో మునిసిపాలిటీ పన్ను వద్దని పట్టుబట్టి, జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. అలిగితే సంఘమంతా లేచిపోతుంది."

చేతులెత్తమన్నారు. బియ్యం ఆపారు. ఎవరొస్తున్నారో, ఎవరు మానేస్తున్నారో రాయమని సండే స్కూలు టీచరమ్మ చేతికి రూళ్ళ పుస్తకం ఇచ్చారు.

మొదటి ఆదివారం వచ్చింది. మామ్మ చంకలో సంచితోనే వచ్చింది. ప్రభుబల్ల అయింది. జనం బయటికొచ్చారు. మెట్ల మీద బస్తాలు లేవు, పెద్దలు లేరు. ఆమె కాసేపు నిలబడింది. ఏమీ అడగలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు అందరికంటే ముందొచ్చింది. పొద్దుటి నుంచి కండెలు చుట్టిన చేతులు. చూపుడు వేలి మీద దారం కోసిన గీతలు. చాపలు పరిచింది. అప్పుడు చంకలోని సంచి తీసింది. నాలుగు మడతలు పెట్టి మోకాళ్ళ కింద వేసుకుంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే సంచి, అవే నాలుగు మడతలు. ఒక శుక్రవారం తుపాను వాన. మందిరంలో పాస్టరుగారూ, టీచరమ్మా, మామ్మ. అంతే. ఆ రోజు ఆమె గంటసేపు మోకాళ్ళ మీదే ఉంది. బియ్యం ఊసు లేదు, ఫలానాది కావాలన్న మాట లేదు. "నాయనా, నువ్వు నాకు చాలు" అన్నది ఒకటే వినబడింది. ఎవరికో చెప్పడానికి కాదు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు.

నాలుగు నెలలు గడిచాయి. కమిటీ కూర్చుంది. పాస్టరుగారు పుస్తకం తెరవమన్నారు.

"బియ్యం తీసుకునేవాళ్ళలో ఎంతమంది మానేశారమ్మా?"

"ఎవరూ మానలేదండీ. ఇరవై ఆరు కుటుంబాలూ వస్తున్నాయి."

ముసలి పెద్ద కళ్ళు తుడుచుకున్నాడు. పాస్టరుగారు పుస్తకం అందుకుని తిరగేశారు. చివరి పేజీలో మూడు పేర్ల ఎదురుగా వరసగా సున్నాలున్నాయి.

"మరి ఈ ముగ్గురెవరమ్మా?"

"ఎవరొస్తున్నారో రాయమన్నారు కదండీ. అందరివీ రాశాను."

అంతకు మించి ఆమె మాట్లాడలేదు. కమిటీ కుర్చీలు ఏడు. ఆ సాయంత్రం మూడు ఖాళీ. మొదటిది కోశాధికారిది.